పప్పుడకని బావి

మా పాపకు కింది పన్ను ఊడి పది రోజులైంది. అప్పటినుంచి రోజూ పడుకోబోయే ముందు దాని నోరు తెరిపించి, ఫోను లైటు వేసి చూస్తున్నాను. ఇవాళ చిగురులోంచి బియ్యపు నూకంత అంచు బయటపడింది. అది మామూలు తెలుపా, సుద్దముక్క తెలుపా, మీద గీత ఏమైనా ఉందా అని తేల్చుకోలేక మళ్ళీ మళ్ళీ చూస్తుంటే పాపకు విసుగొచ్చింది.

"చాలమ్మా, దవడ నొప్పెడుతోంది" అని నోరు మూసుకుని, నా నోటివైపు చూసింది. "నీ పళ్ళమీద గీతలు ఎవరు గీశారు?"

నా ముందు పళ్ళమీద అడ్డంగా గోధుమరంగు చారలుంటాయి. కాలేజీలో నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకునేదాన్ని. పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా నా పళ్ళు కనపడవు.

"చిన్నప్పుడు తాగిన నీళ్ళు గీశాయి" అన్నాను.

"నీళ్ళు గీతలు గీస్తాయా ఎక్కడైనా?" అని నవ్వుకుంటూ నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర రాలేదు. వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. పక్కనే ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఉంది. నందిగామలో మా వీధికి రోజూ ఆటోలో వస్తుంది. అందులో ఏముందో నాకు తెలియదు. నీళ్ళలో ఏముందో చెప్పగల మనిషి మా ఇంట్లోనే ఉండేది ఒకప్పుడు. కనీసం ఊరంతా అలా నమ్మేది.

చిల్లకల్లు దగ్గర హైవే దిగి లోపలికి వెళ్తే మా ఊరు. మిరప, పత్తి, మధ్యమధ్య కంది. ఎండాకాలం కళ్ళాల్లో ఎండుమిరపకాయలు ఆరబోస్తే ఆ ఘాటుకు చర్చిలో ప్రార్థన మధ్యలో అందరూ తుమ్మేవాళ్ళు. ఊళ్ళో ఎక్కువమంది మాలాంటి క్రైస్తవులే. కూలి పనులు, కొద్దిపాటి కౌళ్ళు. మా నాయనమ్మ కూలికి వెళ్తూనే పెళ్ళిళ్ళకి, చర్చి ప్రేమవిందులకి వంట చేసేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. తన చేతి ముద్దపప్పు గురించి జగ్గయ్యపేటలో ఉన్న బంధువులు కూడా చెప్పుకునేవాళ్ళు. విందులో మాంసం కూర మిగిలేది గానీ పప్పు మిగిలేది కాదు.

నీళ్ళు మంచివో కావో చెప్పడం నాయనమ్మకు వంటతోపాటు వచ్చిన పెత్తనం. ఎక్కడైనా కొత్తగా బావి తవ్వినా, బోరు వేసినా కబురొచ్చేది. కొంగున గుప్పెడు కందిపప్పు మూట కట్టుకుని వెళ్ళేది. మూడు రాళ్ళ పొయ్యిమీద చట్టి పెట్టి, ఆ నీళ్ళు పోసి, పప్పు వేసి, పక్కన కూర్చుని కీర్తనలు పాడేది. గడియారం అవసరం లేదు. మూడో కీర్తన ఎత్తుకునేలోపు పప్పు వేళ్ళమధ్య నలిగిపోతే అవి తాగే నీళ్ళు. నలగకపోతే గొడ్లకి, బట్టలకి. ఆ తీర్పుకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

నేను పుట్టకముందు మా ఊళ్ళో చర్చి వెనక బోరింగు వేశారట. రెండో కీర్తన పూర్తికాకుండానే పప్పు వెన్నలా అయిపోయిందట. సబ్బు రుద్దితే ఒకటే నురగ. నీళ్ళు నోట్లో పోసుకుంటే కమ్మగా ఉండేవి. "తాగండే, దేవుడు మనకోసం దాచిపెట్టిన నీళ్ళు" అని నాయనమ్మ చెప్పింది. అంతే, అంతవరకు ఊరంతా తాగిన చేలగట్టు బావిని వదిలేశారు. అది నాపరాళ్ళు తొలిచి తవ్విన బావి, ఊరికి దూరం. దాని నీళ్ళతో ఆరు కీర్తనలు పాడినా పప్పులో పలుకు పోదు. దానికి పేరు కూడా అదే, పప్పుడకని బావి.

నాకు పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేసరికి వాటిమీద చారలు కూడా వచ్చాయి. నాకొక్కదానికే కాదు, మా తరగతిలో దాదాపు అందరికీ. పెద్దవాళ్ళు మమ్మల్నే తిట్టేవాళ్ళు. పళ్ళు సరిగ్గా తోమరని, నేరేడుపళ్ళు తెగ తింటారని. నాన్న నన్ను పొద్దున్నే అరుగుమీద కూర్చోబెట్టి, చిగుళ్ళు మండేదాకా బొగ్గుపొడితో తోమించేవాడు. "ఇంకా పోలేదేంటే?" అనేవాడు. పోయేవి కావు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు చెల్లి పుట్టింది. దానికి కింద రెండు పాలపళ్ళు వచ్చిన రోజుల్లో బడికి ఒకమ్మాయి వచ్చింది. నీళ్ళ పరీక్షలు చేసే లాబ్ నుంచి వచ్చానని చెప్పింది. చేతిలో చిన్న పెట్టె, అందులో గాజు గొట్టాలు, మందు సీసాలు. మా సైన్సు మేడం అందర్నీ మర్నాడు ఇంట్లో తాగే నీళ్ళు సీసాలో పట్టుకురమ్మంది.

అందరూ బోరింగు నీళ్ళే తెస్తారని నాకు తెలుసు. నాకొక బుద్ధి పుట్టింది. పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా చేలగట్టు దాకా పరుగెత్తి, పప్పుడకని బావి నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకొచ్చాను. పక్కపక్కన పెడితే మా నాయనమ్మ చెప్పింది ఎంత నిజమో లాబ్ అమ్మాయి ముందు, మేడం ముందు తేలిపోతుంది కదా. కాళ్ళనిండా పల్లేరుకాయలు గుచ్చుకున్నా లెక్కచేయలేదు.

ఆ అమ్మాయి గొట్టాల్లో మందు చుక్కలు వేసింది. "గులాబీ రంగు అలాగే ఉంటే భయం లేదు. పసుపులోకి తిరిగితే అందులో ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. అది పిల్లల పళ్ళని పాడుచేస్తుంది, ఇంకా ఎక్కువైతే ఎముకల్ని కూడా" అని చెప్పింది. నా రెండు సీసాలు ఒకేసారి పెట్టింది. పప్పుడకని బావి నీళ్ళు గులాబీ రంగులో నిలబడ్డాయి. బోరింగు నీళ్ళు నా కళ్ళముందే పసుపుపచ్చగా, అచ్చం పప్పు కట్టులా అయిపోయాయి.

మేడం మా నోళ్ళు తెరిపించి ఒక్కొక్కరి పళ్ళూ చూసింది.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలో కూర్చుని కందులు చెరుగుతోంది. "ఏమైందే పరీక్ష? ఎవరి నీళ్ళు గెలిచాయి?" అంది. అప్పటికే నా రెండో సీసా సంగతి పిల్లలు ఊరంతా చెప్పేశారు.

"మన బోరింగే గెలిచింది నాయనమ్మా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ మొహం చూస్తూ ఇంకో మాట అనలేకపోయాను. నాయనమ్మ చేట పక్కన పెట్టి ఎదురింటికి వినపడేలా అరిచింది. "విన్నావటే! లాబులో పెద్ద చదువులు చదివినోళ్ళు కూడా నా మాటే చెప్పారంట!"

మూడు రోజులు ఆ అబద్ధం మా ఇంట్లో తిరిగింది. మిగతా పిల్లలు పసుపు రంగు సంగతి చెప్పినా, నాయనమ్మ అరిచి చెప్పాక ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజు నాయనమ్మ చెల్లిని కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో బోరింగు నీళ్ళు పడుతోంది. చెల్లి రెండు పళ్ళూ చూపిస్తూ ఉగ్గుగిన్నె ముక్కు కొరుకుతోంది. లాబ్ అమ్మాయి వెళ్ళేముందు అన్న మాట నాకు గుర్తొచ్చింది. "మీకు వచ్చిన పళ్ళని ఏమీ చేయలేం. మీ ఇళ్ళల్లో పసిపిల్లలకి చిగుళ్ళలోపల పళ్ళు ఇంకా తయారవుతుంటాయి. వాళ్ళకి ఇప్పుడే నీళ్ళు మారిస్తే బాగుంటాయి." నేను ఉగ్గుగిన్నె లాగేసుకుని బావురుమన్నాను. నీళ్ళు చెల్లి మొహంమీద పడి అది కూడా ఏడ్చింది. ఆ ఏడుపులోనే మొత్తం చెప్పేశాను.

నాయనమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా చేతిలోంచి ఉగ్గుగిన్నె తీసుకుని అడిగింది.

"ఏ రంగొచ్చింది?"

"పసుపు."

"పసుపంటే?"

"పప్పు కట్టు లాగా."

చెల్లి మొహం కొంగుతో తుడిచి లేచింది. "నడువు, బడికి. నా కళ్ళతో నేను చూడాలి."

లాబ్ అమ్మాయి ఆ పెట్టెని మేడం దగ్గరే ఉంచి వెళ్ళింది. నాయనమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, బోరింగు నీళ్ళు, బావి నీళ్ళు తానే పట్టి, మూతలు తానే పెట్టి తెచ్చింది. పరీక్ష మూడుసార్లు చేయించింది. మూడోసారి చుక్కలు కూడా తనే వేసింది. మూడుసార్లూ పసుపే వచ్చింది.

"పోనీ మరగబెడితే పోదా అమ్మా?" అని అడిగింది.

"మరగబెడితే పురుగు పోతుంది గానీ ఇది పోదండి. నీళ్ళు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది" అంది మేడం. "బట్టలు ఉతుక్కోండి, అంట్లు తోముకోండి. తాగడానికి, వంటకి వద్దు. ఆ బావి నీళ్ళు మాత్రం మరగబెట్టుకుని తాగండి, పైకప్పు లేని బావి కదా."

నాయనమ్మ నా గడ్డం పట్టుకుని పెదవి పైకెత్తి నా పళ్ళు చూసింది. ఎన్నిసార్లు చూసిన పళ్ళో అవి. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. మా చర్చిలో పాటల తర్వాత సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్ళు, కాన్పు సుఖంగా అయినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు లేచి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటారు. నాయనమ్మ లేచింది. చేతిలో బైబిలుకు బదులు బోరింగు నీళ్ళ సీసా.

"అందరికీ వందనాలండి. నాకేం జొరం తగ్గలేదు. నేను చెప్పేది వేరే. వెనకున్న బోరింగు నీళ్ళు మంచియ్యని మీకు చెప్పింది నేను. అది తప్పు. పిల్లల పళ్ళమీద ఆ గార తోమక వచ్చింది కాదు. నా మాట విని మీరు పట్టిన నీళ్ళతో వచ్చింది."

చర్చిలో తాటాకు విసనకర్రల చప్పుడు ఆగిపోయింది.

"పప్పు పరీక్ష పప్పుకే పనికొచ్చిద్ది. పిల్లలకి పనికిరాదు. నాకా సంగతి తెలవదు. తెలవకుండానే పెద్ద గొంతేసుకుని చెప్పా. నన్ను తిట్టుకోండి, పడతా. నీళ్ళు మాత్రం మార్చండి."

ఆడవాళ్ళ వరసలోంచి ఒకావిడ అడిగింది. "అయితే మళ్ళీ ఆ చేలగట్టు బావికి పోవాలా పెద్దమ్మా? దాంతో పప్పెట్టా ఉడికిద్ది?"

"ఉడకదు" అంది నాయనమ్మ, కూర్చుంటూ.

నేను రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. అది సిగ్గు అనుకున్నాను అప్పుడు. వేళ్ళ సందుల్లోంచి చూస్తే నాన్న తలవంచుకుని ఉన్నాడు. మర్నాటి నుంచి నాన్న నాచేత బొగ్గుపొడితో తోమించడం మానేశాడు. ఒకరోజు సంత నుంచి తెల్ల పళ్ళపొడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం నాయనమ్మ చర్చికి రాని ఇళ్ళకి కూడా వెళ్ళి అదే మాట చెప్పింది. మా ఊళ్ళో కిరాణాకొట్టు పెద్దాయన ఉండేవాడు, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆయన నవ్వి, "ఇన్నేళ్ళు నీ మాట విని తాగాం, ఇప్పుడు నీ మాట వినే మానాలా?" అన్నాడట. "రెండుసార్లూ నామాటే బాబాయ్, ఈసారి చూసి చెప్తున్నా" అందట నాయనమ్మ.

కానీ వెంటనే ఎవరూ మారలేదు. బోరింగు గుమ్మం ముందుంది, బావి పొలాల అవతలుంది. పైగా పలుకు పప్పు. నాయనమ్మ రోజూ రెండు బిందెలు తేవడం, వాటిని చూసి ఆడవాళ్ళు "అత్తా, ఇవాళ పప్పు ఎన్ని కీర్తనలకి ఉడికింది?" అని ఏడిపించడం. తను మాత్రం చెల్లికి ఆ నీళ్ళు తప్ప వేరే చుక్క పట్టనివ్వలేదు. మేనత్త వాళ్ళింటికి వెళ్ళినా సీసా వెంట ఉండాల్సిందే.

అలా ఉండగా క్రిస్మస్ ప్రేమవిందు వచ్చింది. ఊరందరికీ భోజనాలు, వంట నాయనమ్మదే. పాస్టరు అయ్యగారు నెమ్మదిగా అన్నారు. "ఈ ఒక్కపూటకి బోరింగు నీళ్ళతో కానిద్దామా అమ్మా? మీకు మాట రాకుండా ఉంటుంది."

"మాట నాకు రానీయండి అయ్యగారూ" అంది.

కందిపప్పు ముందురోజే నానబెట్టింది. తెల్లవారకముందే గంగాళం పొయ్యెక్కించింది. ఎంత మంట పెట్టినా, నలుగురు మార్చిమార్చి పప్పుగుత్తితో ఎనిపినా పలుకు పోలేదు. దోసకాయ ముక్కలు కరిగిపోయాయి గానీ పప్పు గింజలు గింజల్లానే ఉన్నాయి. ఊళ్ళో అందరూ ఎదురుచూసే పప్పు అది. నాయనమ్మ వేరేవాళ్ళ చేతికి ఇవ్వకుండా తెడ్డు తనే పట్టుకుని పంక్తిలో వడ్డించింది. విస్తరి విస్తరి దగ్గరా ఆగి అదే మాట.

"పలుకు తగులుద్ది. నన్ను తిట్టుకుంటా తినండి. పిల్లల పళ్ళు మాత్రం నిలబడతయ్."

కొట్టు పెద్దాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు ఇటూ అటూ తిప్పాడు. "అందరి పళ్ళూ నిలబెడతన్నావు బాగానే ఉంది. పళ్ళు లేనోణ్ణి, నాకెందుకమ్మాయ్ ఈ శిక్ష?"

పంక్తంతా ఒక్కసారి నవ్వింది. పిల్లలం కూడా నవ్వాం, అలవాటు ప్రకారం నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని. నాయనమ్మ నవ్వలేదు. వరసగా కూర్చున్న మా చేతులవైపు చూసింది. ఆయనా అటే చూశాడు. ఆ తర్వాత ఆయన ఆ పప్పు చప్పరించి చప్పరించి విస్తరి ఖాళీ చేసి, "ఇంకో గరిటె వెయ్యి" అన్నాడు.

మర్నాడు పొద్దున మా గుమ్మం ముందు కొట్టుకి సరుకులు మోసే ఎడ్లబండి ఆగింది. మీద నాలుగు ఖాళీ డ్రమ్ములు. "అమ్మాయ్, ఎక్కు. ఎన్ని బిందెలని మోస్తావు?" అన్నాడు పెద్దాయన. ఆ రోజు నుంచి పప్పుడకని బావి నీళ్ళు బండిమీద వీధిలోకి వచ్చాయి. నాయనమ్మ డ్రమ్ముల మధ్య కూర్చుని వచ్చేది, పెళ్ళికూతురు ఊరేగింపులా. వాకిట్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని బయటికి రాక తప్పేది కాదు. చర్చి గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు తెచ్చి బోరింగుకు తనే పూసింది. తాగే నీళ్ళు కావని కొత్తవాళ్ళకి కూడా తెలియడానికి.

పప్పు సంగతి మాత్రం తనలో తొలుస్తూనే ఉంది. చెల్లికి మరగబెట్టే గిన్నె అడుగున తెల్లగా సున్నంలా పేరుకోవడం చూసి ఒకరోజు ఆగిపోయింది. "ఈ పలుకంతా ఇదే చేస్తందా ఏంటి?" అంది. ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో రకరకాల పప్పులు తిన్నాం. సగం ఉడికినవి, అడుగంటినవి, మరీ నీళ్ళైపోయినవి. చివరికి దారి దొరికింది. నీళ్ళు ముందుగా బాగా కాగనిచ్చి, దించి, తెల్లటిదంతా అడుక్కు దిగాక పైతేట మెల్లగా పాతచీర గుడ్డలో వడబోసి, ఆ నీళ్ళతో పప్పు పెడితే పలుకు పోయింది. ఈస్టరు నాటికి విందు పప్పు మళ్ళీ వెన్నలా దిగింది.

"ఎన్ని కీర్తనలకి అత్తా?" అని అడిగారు.

"నాలుగు. రెండు కీర్తనలు ఎక్కువ పాడితే దేవుడేమన్నా వద్దంటాడా?"

ఆ రుచికోసం ఊరంతా నీళ్ళు కాచి వడబోయడం మొదలుపెట్టింది. మేడం మరగబెట్టి తాగమని ఎంత చెప్పినా విననివాళ్ళు పప్పు కోసం విన్నారు.

నందిగామలో బి.ఎస్సీ. చదివేటప్పుడు ఒకరోజు క్లాసులో చెప్పారు. పప్పును ఉడకనివ్వని సున్నమే చాలాచోట్ల ఫ్లోరైడ్‌ని కూడా నీళ్ళలో పెరగనివ్వదట. సున్నం తక్కువగా ఉండి నోటికి కమ్మగా ఉండే నీళ్ళల్లోనే అది ఎక్కువ కరుగుతుందట. అంటే నాయనమ్మ పరీక్ష సరిగ్గా తలకిందులైంది. ఆ మాట చెబుదామని ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరెళ్ళాను. విని, "చూశావా, పరీక్ష మంచిదే, నేనే అటుదిటు చదివా" అంది. అప్పటికి ఊరికి పైపుల్లో నది నీళ్ళు వచ్చేశాయి. మొదటిరోజు కొళాయి తిప్పినప్పుడు కొబ్బరికాయ కొట్టేవాళ్ళు కొట్టారు, ప్రార్థన చేసేవాళ్ళు చేశారు. నాయనమ్మ మాత్రం సీసాలో పట్టుకుని బడికి వెళ్ళింది, రంగు చూసి వచ్చాకే బిందె పెట్టింది. పోయేదాకా ఆ అలవాటు మానలేదు.

ఇప్పుడే లేచి మా క్యాను నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టి మూత బిగించాను. రేపు పరీక్షకి ఇస్తాను. ఈ నీళ్ళతో పప్పు బాగానే ఉడుకుతోంది, అయినా ఇస్తాను.

పోయిన వేసవిలో పాపని తీసుకుని మా బడికి వెళ్ళాను. వరండా గోడకు ఏటేటా అయిదో తరగతి పిల్లల ఫోటోలు వరసగా తగిలించి ఉన్నాయి. మా ఫోటోలో ఒక్కరి పళ్ళూ కనపడవు. ఫోటోగ్రాఫరు నవ్వమని ఎంత బతిమాలాడో, మేమంతా పెదవులు బిగించుకుని నిలబడ్డాం. తర్వాతి ఫోటోలు కూడా అంతే. మెల్లమెల్లగా ఇద్దరు, నలుగురు నోరు తెరుస్తారు. మా చెల్లి ఉన్న ఫోటో దగ్గరికొచ్చేసరికి వరసకు వరస పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. చెల్లి అయితే కళ్ళు మూసుకుని మరీ నవ్వుతోంది. ఆపై అన్నీ అలాంటి ఫోటోలే.

ఏ ఏటి ఫోటోనో కింద రాసి ఉంది. నేను చదవలేదు. ఆ ఆదివారం మా నాయనమ్మ సీసా పట్టుకుని లేచి నిలబడింది ఎక్కడో, ఆ గోడమీద వేలుపెట్టి చూపించగలను.